శుక్రవారం క్లైమాక్స్

గట్టయ్య పగ పట్టడానికి కారణం ఒక కౌబాయ్ సినిమా. తమ్ముణ్ని చంపినవాడి కోసం హీరో పన్నెండేళ్లు గుర్రం మీద తిరిగే ఆ ఇంగ్లీషు సినిమా, తెలుగు మాటలతో హన్మకొండకు వచ్చింది. అప్పట్లో కొత్తవాడలో గట్టయ్య, పండరి ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని పెద్ద జంపఖానాలు నేసేవారు. ఆ వెడల్పుకు ఇద్దరు ఉండాల్సిందే. సాయంత్రం ఆటకు పోదామని గట్టయ్య తల దువ్వుకుని మరీ వస్తే, ముందురోజే చూసొచ్చిన పండరి నూలు చుట్టిన నాడె విసురుతూ, “ఆఖర్ల ఆ దుష్మన్‌ను హీరో సంపడు బావా, ఇడిసిపెడ్తడు” అనేశాడు.

అంతే. గట్టయ్య సగం నేసిన జంపఖానా వదిలి లేచిపోయాడు. ముప్పై ఏళ్లుగా ఒక్కడే నేయగలిగిన చిన్నవి నేస్తూ బతికాడు తప్ప, పక్కన మరొకణ్ని కూర్చోనివ్వలేదు. మరి దెబ్బకు దెబ్బ తీయాలి కదా! ప్రతి శుక్రవారం కొత్త సినిమా మార్నింగ్ షోకు వెళ్లడం, ఇంటర్వెల్ దాటినా గుర్రు పెట్టడం, క్లైమాక్స్ మాత్రం కళ్లింత చేసుకుని చూడడం, తిన్నగా పండరి ఇంటి ముందుకు పోయి వీధంతా వినేలా అది అరిచి చెప్పడం. “గిసొంటి పగ ఎవలన్న పడ్తరా?” అని భార్య యాకమ్మ తిట్టీ తిట్టీ అలసిపోయింది. మూడేళ్ల కిందట పండరి మడికొండలో కూతురి ఇంటికి మారితే గట్టయ్య అక్కడికీ తయారయ్యాడు. సినిమా హీరోకు గుర్రం ఉంది, మనవాడికి షేర్ ఆటో ఉంది.

మొన్న శుక్రవారం కూడా గేటు పట్టుకుని, “అసలు ఖూనీ జేసింది డాక్టరే!” అని కేకేశాడు. పండరి కూతురు స్నేహలత బయటికొచ్చింది. తిడుతుందని గట్టయ్య ఛాతీ విరుచుకున్నాడు.

“మామా, బాపుకు చూపు పోయి మూడేండ్లాయె. శుక్రారం పొద్దుగాల్నే తానం జేసి, కిటికి కాడ కుర్సీ ఏసుకొని నీ కోసమే కూసుంటడు. నువ్వు రాందే బువ్వ ముట్టడు. ఎప్పుడు సూడు ఆఖరే చెప్తవు. జర మొదటి నుంచి చెప్పరాదు?”

గట్టయ్యకు ఒళ్లు మండిపోయింది. ఈ మూడేళ్లూ తీర్చుకున్న పగ మొత్తం వాడికి కాలక్షేపమైందా? ఆ మంటలోనే ఏడుపూ వచ్చింది.

కిటికీలోంచి పండరి గొంతు వినిపించింది. “డాక్టరెందుకు సంపిండు బావా?”

గట్టయ్యకేం తెలుసు? అప్పుడు నిద్రలో ఉన్నాడు. “పొద్దుగూకేదాక ఆగు, చెప్త” అని ఆటో ఎక్కి, అదే సినిమాకు రెండోసారి టికెట్ తీసుకుని కూర్చున్నాడు. ఈసారి పేర్లు పడేటప్పటి నుంచీ రెప్ప వేయలేదు.