తూర్పున కూర్చునే సారు

అబిడ్స్‌లో నాకు గ్రూప్స్ కోచింగ్ ఇచ్చిన భూగోళం సారుకు పడమటి కనుమలంటే ప్రాణం. బిర్యానీ అంటే ఇంకాస్త ప్రాణం. క్లాసయ్యాక నాంపల్లి స్టేషన్ ఎదుటి హోటల్లో ఇద్దరం ఒకే ప్లేటు పంచుకునేవాళ్ళం.

సారు ముందుగా ప్లేటుకు పడమటి అంచున అన్నాన్ని గోడలా కట్టేవారు. దిక్కు తప్పితే పాపం తగులుతుందన్నంత నిష్ఠ. ఆ కొండ నెత్తిన మిర్చి సాలన్ మొత్తం కుమ్మరించేవారు. అది వానాకాలం.

"చూడు బిడ్డా, కొండలు పడమటి సముద్రం పక్కన్నే ఉన్నా గోదావరి, కృష్ణ గిట్లా తూర్పుకే వస్తయి. వాలు గటు దిక్కే ఉన్నది."

తూర్పున ఎప్పుడూ సారే కూర్చునేవారు. నదులతోపాటు లెగ్ పీసూ అటే కొట్టుకుపోయేది. నాకు మిగిలేది కొంకణ తీరం: ఇరుకైన అంచు, ఓ నిమ్మచెక్క.

ఒకరోజు నేనే ముందుగా వెళ్ళి తూర్పు కుర్చీ ఆక్రమించాను. సారు నన్నూ కుర్చీనీ చూసి ఎదురుగా కూర్చున్నారు. ఎప్పటిలాగే పడమటే కొండ కట్టి సాలన్ పోశారు. గోదావరి నా వైపు పారింది. లెగ్ పీసు నా ముందుకొచ్చి ఆగింది. నేను చెయ్యి చాచేలోగా సారు రెండు వేళ్ళతో ప్లేటును మెల్లగా సగం తిప్పేశారు.

"ఏంది సార్ ఇది?"

లెగ్ పీసు అందుకుంటూ అన్నారు సారు: "భూమి తిరుగుతది గద బిడ్డా!"