బయటికి ఉండాల్సిన మెలిక

కొత్తపేట మార్కెట్ దారిలో సూరిబాబు కొట్టు. పెళ్ళి మండపాల ఆర్చీలు, పూలబుట్టలు, దేవుడి పటాలకు తోరణాలు, తీగతో అయ్యే పని ఏదైనా అతని దగ్గరికే వచ్చేది. ఐదో తరగతితో బడి మానేసి, పాడైన పెట్రోమాక్స్ లైట్లు విప్పి చూస్తూ టంకం పెట్టడం తనంతట తానే నేర్చుకున్నాడు. అతని పనిలో తీగ మొన ఎక్కడా పైకి తేలదు. చీర పట్టదు, చెయ్యి గీరదు.

2004లో వానలు వెనకబట్టాక మాధవీలత ఒక బొమ్మల కట్ట తెచ్చింది. ఆవిడదీ ఆ ఊరే. విశాఖపట్నంలో ఎలుక జ్వరానికి టీకా కోసం పనిచేస్తోంది. ఎలుకల మూత్రం కలిసిన చేలనీళ్ళలో దిగినవాళ్ళకు వచ్చే జబ్బది. కిందటేడు ఊడ్పుల్లో సూరిబాబు భార్య వీరవేణికి వచ్చి, చావు తప్పింది.

ఆ జబ్బు తెచ్చే సూక్ష్మజీవి ఒంటిమీది ప్రొటీన్ ఒకటి ఎలా మడతలు పడి ఉంటుందో ఆ బొమ్మల్లో ఉంది. అదే ఆకారాన్ని ఇత్తడి తీగతో చెయ్యమంది. ఆ నమూనాను కాకినాడలో డాక్టర్ల కమిటీకి చూపిస్తానని ముందే రాసి పంపింది. వాళ్ళు ఒప్పుకుంటేనే టీకాను జంతువుల మీద పరీక్షించనిస్తారు. లేదంటే ఇన్నేళ్ళ పని అక్కడితో ఆగిపోతుంది.

ప్రయాణం రోజు పొద్దున్నే వచ్చి మాధవీలత నమూనాను అటూ ఇటూ తిప్పింది. మళ్ళీ తిప్పింది.

"సూరిబాబు గారూ, ఈ పక్కన మెలిక ఒకటి బయటికి ఉండాలి. ఏదండీ?"

"లోపలికి మడిచేసేనండి. చేతికి గుచ్చుకుంటదని."

ఆవిడ బల్లమీద కూలబడింది. బొమ్మలో ఆ మెలికను వేలితో చూపిస్తూ చెప్పింది. ఒంట్లో పుట్టే యాంటీబాడీలు ఆ జీవిని పట్టుకునేది ఆ మెలిక దగ్గరే. టీకాలో పెట్టేదీ ఆ మెలిక ఆకారాన్నే. అది లోపల దాగి ఉంటే పట్టుకోవడానికి చోటే లేదు. ఈ నమూనా పట్టుకెళ్తే తన మాటను తనే కాదన్నట్టు.

సూరిబాబు మడిచిన తీగను వేలితో నొక్కి చూశాడు. ఒకసారి వంచిన తీగ బిరుసెక్కి ఉంటుంది, అలాగే లాగితే విరుగుతుంది. ఎర్రగా కాలిస్తేనే మెత్తబడుతుంది. కానీ మెలికకు రెండు పక్కలా ఉన్న టంకం అతుకులే మొత్తం బరువు మోస్తున్నాయి. అందులో సగం వేడికే అవి కరిగిపోతాయి. బస్సుకు ఎక్కువ సేపు లేదు.

వీరవేణిని పిలిచి పచ్చి అరటిపట్ట తెమ్మన్నాడు. నీరోడే ఆ పట్టను చీల్చి, వేడి తగలకుండా అతుకుల చుట్టూ వరసలు వరసలుగా చుట్టాడు.

"నాకు జ్వరమొచ్చినప్పుడు తడిగుడ్డ ఏయడానికి మీకింత ఓపిక లేదు," అంది వీరవేణి.

అతను ఊదుగొట్టం నోట పెట్టుకుని దీపం మంటను సన్నగా మెలిక మీదికి ఊదాడు. పట్ట సుయ్యిమంది. తీగ ఇంకా నల్లగానే ఉంది, పట్ట సందులోంచి ఒక అతుకు మాత్రం కరగబోతూ తళుక్కుమంది. చటుక్కున మంట తీసేశాడు. అతుకు జారలేదు. పట్ట మార్చి, మంట ఇంకా సన్నం చేసి మళ్ళీ ఊదాడు. ఈసారి తీగ కుంకుమరంగుకు వచ్చింది.

చల్లారనిచ్చాడు. పటకారు తీగను కొరుకుతుందని బొటనవేలితోనే లాగసాగాడు. మాధవీలత బొమ్మను పక్కనే పట్టుకుంది. చిట్‌మని చప్పుడైంది. సూరిబాబు లాగడం ఆపేశాడు. ఎండిన పట్ట పగిలిందంతే.

"ఇంకొంచెం... ఇంకొంచెం... చాలండి."

నమూనాను ఒళ్ళో పెట్టుకుని సూరిబాబు కూడా కాకినాడ వెళ్ళాడు. కమిటీలో పెద్ద డాక్టరు ఆ మెలికలోకి వేలు దూర్చి, పట్టుకునేది దీన్నేనా అని అడిగాడట. సాయంత్రానికి పరీక్షలకు అనుమతి వచ్చింది.

తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. నిలబడ్డ ఒకావిడ చీరకొంగు మెలికకు చిక్కుకుంది.

"ఏ పనోడు చేసేడో గానీ, మొన దాయడం కూడా రాదు కాబోలు."

"ఆయ్, రాదండి," అన్నాడు సూరిబాబు, మెలిక వంగకుండా కొంగును నెమ్మదిగా విడదీస్తూ.