బెగోచి మాత

దెయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. ఇప్పుడూ లేదనే అంటాను. కాకపోతే కొంచెం మెల్లగా అంటాను. మా నాన్న బొబ్బిలి దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు మాస్టారు. మా వీధి చివర పాడుబడిన ఇంట్లో ఎవరో నడుస్తున్నారని ఊరంతా గోల పెడితే, నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, అటక మీద పిల్లిని చూపించి తీసుకొచ్చిన మనిషి. ఆ తర్వాత నేను కంప్యూటర్ల పనిలో పడ్డాను. ఏం జరిగినా దాని వెనక ఎక్కడో ప్రోగ్రాంలో ఒక లైను ఉంటుందని నమ్మే వృత్తి నాది.

కాబట్టి ఇది చదివి ఎవరూ భయపడక్కర్లేదు. నేనూ భయపడలేదు. నిజం చెప్పాలంటే నేను అంత సంతోషంగా గడిపిన నెలలు తక్కువ.

అవి వైటూకే రోజులు. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీని తప్పుగా చదివి ఆగిపోతాయని ప్రపంచం హడలిపోతోంది. ఆ హడలు పుణ్యమా అని, అమీర్‌పేటలో కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష నేర్చుకున్న నేను ఇరవై నాలుగేళ్ళకే సిడ్నీలో దిగాను. ఆఫీసు పారమట్టాలో. బస క్వేకర్స్ హిల్‌లో, ఒక ఫిజీ ఆవిడ ఇంట్లో ఒక గది. పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలని వెతికి నాలుగంకెలు చెయ్యడం నా పని. వెతికి వెతికి కలలో కూడా తేదీలే కనిపించేవి.

ఇక్కడ నా భాష గురించి ఒక మాట చెప్పాలి. అమీర్‌పేటలో చేరిన మొదటి వారం, క్లాసు అయిపోగానే నేను పక్కమ్మాయితో "బేగి రా, బస్సెళ్ళిపోతాది" అన్నాను. మా వైపు బేగి అంటే త్వరగా అని. చుట్టూ ఉన్న పది మందీ పడీ పడీ నవ్వారు. ఆ నెలంతా నా పేరు బేగి. నాకు పౌరుషం ఎక్కువ. ఆ రోజు నుంచి బేగి లేదు, ఏటి లేదు, శుభ్రంగా "త్వరగా", "ఏమిటి". నాలుగేళ్ళు తిరిగేసరికి అమ్మతో ఫోన్లో కూడా పుస్తకం చదివినట్టు మాట్లాడుతున్నాను. "ఏటే, ఆఫీసరమ్మలా మాటాడతన్నావు" అని అమ్మ వెక్కిరించేది.

ఇంకో సంగతి. నేను క్వేకర్స్ హిల్ ఇంటిని ఎప్పుడూ ఇల్లు అనలేదు. అమ్మ ఫోన్లో "ఇంటికొచ్చీసినావా?" అని అడిగితే "రూముకి వచ్చానమ్మా" అనేదాన్ని. గదిలో బీరువా ఉన్నా బట్టలు సూట్‌కేసులోనే పెట్టుకునేదాన్ని. ఉతికి, మడిచి, మళ్ళీ అందులోకే. ఏడాది కాంట్రాక్టు, అవగానే బొబ్బిలి. ఒక్కసారి ఇల్లు అన్నానంటే ఇక తిరిగి వెళ్ళనని లోపల ఎక్కడో భయం. దెయ్యాలకి భయపడని దాన్ని, రెండక్షరాల మాటకి భయపడ్డాను.

ఆ ఇంటావిడ పేరు శాంతా ఆంటీ. యాభై దాటిన మనిషి. భర్త ఫిజీలో ఉండగానే పోయారు. వృద్ధాశ్రమం వంటింట్లో పని చేసేది. ఆమె మాట్లాడేది ఇంగ్లీషు, ఫిజీ హిందీ. తెలుగు రాదు. తెలుగు వాళ్ళు అత్తవారు మాత్రమే. వాళ్ళ ముందు తరం ఎప్పుడో చెరుకు తోటల్లో పనికి ఓడెక్కి వెళ్ళారట.

ఆమె ఇంటి ముందు తలుపు పక్కన చెక్క పలక ఒకటి ఉండేది. దాని మీద ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఆ ఇంటికి పెట్టుకున్న పేరు: బెగోచి. ప్రతి శుక్రవారం ఆంటీ ఆ పలక మీద ఒక మందార పువ్వు పెట్టి దణ్ణం పెట్టుకునేది. చేరిన కొత్తలో ఇదేమిటని అడిగితే నా వైపు వింతగా చూసింది. "బెగోచి మాతా! మై సాస్'స్ గాడ్. తెలుగు గాడ్. యూ డోంట్ నో?" అంది. సాస్ అంటే హిందీలో అత్తగారు.

తెలియదంటే బాగుండదని నేనూ దణ్ణం పెట్టాను. మనకి అమ్మవార్లకి తక్కువా, ఊరికొకరు. ఆ ఆదివారం అమ్మని అడిగాను. "బెగోచి మాతా? ఏమోనే, గోదారి వైపు అమ్మోరేమో" అంది. అక్కడితో వదిలేశాను.

నవంబరులో ఒక రోజు ఆఫీసులో టెస్టింగు కోసం సిస్టములు ఆపేసి మమ్మల్ని మూడింటికే పంపేశారు. అక్కడ నవంబరంటే ఎండాకాలం, ఎండ మండిపోతోంది. స్టేషన్ నుంచి చెప్పులతో నడిచి వచ్చేసరికి కాళ్ళ నిండా దుమ్ము. చూస్తే తాళంచెవి మర్చిపోయాను. పెరటి వైపు లాండ్రీ గది తలుపు దగ్గర, కుండీ కింద ఇంకో తాళంచెవి ఉంటుంది. పెరట్లో కుళాయి కనపడగానే, మా ఊళ్ళో చేసినట్టే, చెప్పులు వదిలేసి కాళ్ళు కడుక్కున్నాను. తలుపు తీసి లోపల అడుగు పెట్టాను.

"బేగొచ్చీసినావే!"

వంటింట్లోంచి వినిపించింది. ముసలావిడ గొంతు. ముద్దుగా, కాస్త ఆశ్చర్యంగా. నేను ఆలోచించకుండానే "అవునే, బేగి వొదిలీసినారు" అన్నాను. అనేశాక నవ్వొచ్చింది. నాలుగేళ్ళుగా నోరు దాటని మాట అది. నవ్వుకుంటూ వంటింట్లోకి వెళ్తే ఎవరూ లేరు. ఆంటీ డ్యూటీలో ఉంది. పొయ్యి చల్లగా ఉంది. రేడియో లేదు, టీవీ లేదు. నేను మళ్ళీ పెరట్లోకి వెళ్ళి చూశాను. అక్కడా ఎవరూ లేరు.

మా నాన్న కూతుర్ని కదా, పిల్లి కోసం వెతికాను. పక్కింటి వాళ్ళకి మాటలు నేర్చిన తెల్ల చిలుక ఒకటి ఉంది. కంచె దగ్గర అరగంట నిలబడి విన్నాను. దానికి వచ్చింది హలో, ఇంకో బూతు మాట. ఆన్సరింగ్ మెషీన్ విప్పి చూశాను. తర్వాత ఒక నోటుబుక్కు పెట్టి, ఆఫీసులో ప్రోగ్రాం పరీక్షించినట్టు పరీక్షించాను. ముందు తలుపు నుంచి వస్తే ఏమీ లేదు. వెనక నుంచి వచ్చి కాళ్ళు కడుక్కోకపోతే ఏమీ లేదు. ఆలస్యంగా వస్తే, కడుక్కున్నా ఏమీ లేదు. పొద్దుండగా వచ్చి, కాళ్ళు కడుక్కుని, వెనక తలుపు తీస్తే మాత్రం వినిపించేది. జనవరి దాకా పదకొండు సార్లు రాసుకున్నాను. ప్రతిసారీ అదే మాట, అదే ముద్దు. ఒక విషయం కింద గీత గీసి రాశాను: గొంతు నిలబడిన మనిషి ఎత్తులోంచి కాదు, కింద నుంచి వస్తోంది, పీట మీద కూర్చున్నవాళ్ళ గొంతులా.

పదకొండు సార్లలో ఒక్కసారైనా నాకు వెంట్రుక నిక్కబొడుచుకోలేదు. పైగా పని బేగి ముగించుకుని ఆ కుళాయి దగ్గరికి పరిగెత్తేదాన్ని. రోజంతా ఇంగ్లీషూ, పుస్తకాల తెలుగూ మాట్లాడిన నోటికి ఆ ఒక్క జవాబు పండగలా ఉండేది. "ఒచ్చీసినానే" అని ఖాళీ వంటింటికి చెప్పి, టీ పెట్టుకుని, ట్రైన్లో ఎవరి కాలు తొక్కానో, మేనేజరు ఏమన్నాడో మా యాసలో వాగుతూ ఉండేదాన్ని. ఎవరైనా చూస్తే పిచ్చి అనుకునేవారు.

రెండు వేల సంవత్సరం వచ్చింది. ఏ కంప్యూటరూ పేలలేదు. మేము బాగా పని చేశాం కాబట్టి పేలలేదా, అసలు పేలేది కాదా అన్నది ఇప్పటికీ తేలలేదు. జనవరి రెండో వారంలో మేనేజరు పిలిచి, ఇంకో రెండేళ్ళు ఉంటావా, వచ్చే సోమవారం చెప్పు అన్నాడు. ఉండనని అప్పుడే చెప్పేద్దామనుకున్నాను. నోరు రాలేదు. సూట్‌కేసు సర్దే ఉంది. మరి ఎందుకు నోరు రాలేదో నాకే తెలియలేదు, అదే నన్ను కుదిపేసింది.

ఆ గురువారం వెనక తలుపు తీసి, గొంతు విని, జవాబు చెప్పి, ఉండనా వెళ్ళిపోనా అని వంటింటిని గట్టిగా అడుగుతున్నాను. వెనక్కి తిరిగితే శాంతా ఆంటీ. డ్యూటీ మార్చుకుని ముందే వచ్చి, గరాజు తలుపు నుంచి లోపలికి వచ్చిందట. ఎవరితో మాట్లాడుతున్నావంది. దొరికిపోయాను. ఉన్నదున్నట్టు చెప్పాను, ఆ మాట కూడా అన్నాను.

"ఫిర్ సే బోలో" అంది, మళ్ళీ చెప్పమని.

"బేగొచ్చీసినావే."

ఆంటీ కుర్చీలో కూలబడింది. "బెగోచి! యూ సెడ్ బెగోచి!"

నేను ముందు తలుపు తీసుకుని బయటికి వెళ్ళి ఆ పలక వైపు చూశాను. ఏడాదిగా రోజూ చూస్తున్న అక్షరాలే. అమ్మవారూ కాదు, గోదావరి వైపూ కాదు. బేగొచ్చీ. త్వరగా వచ్చెయ్. మా అమ్మ విమానాశ్రయంలో నన్ను పట్టుకుని అన్న మాట. అమీర్‌పేటలో నా పేరే బేగి అయ్యుండీ, ఆ పలక మీద నేను దాన్ని గుర్తు పట్టలేదు. సిగ్గుతో నవ్వో ఏడుపో తెలియకుండా అక్కడే మెట్టు మీద కూర్చున్నాను.

ఆంటీ వచ్చి పక్కన కూర్చుని చెప్పింది. అత్తగారి పేరు అప్పలమ్మ. ఆ పేరు వినగానే మా జిల్లా అని తెలిసిపోయింది. ఆంటీ భర్త పోయాక ఫిజీలో లౌటోకా అనే ఊళ్ళో అత్తా కోడలూ ఇద్దరే ఉండేవారు. హిందీలోనే మాట్లాడుకునేవారు. కానీ కోడలు పనికి బయల్దేరినప్పుడల్లా ముసలావిడ గుమ్మంలో నిలబడి "బేగొచ్చీ, బేగొచ్చీ" అనేది. తన దేవతని తలుచుకుని దీవిస్తోందని ఆంటీ అనుకుంది. అడగాలని ఎప్పుడూ తోచలేదు. ఫిజీలో సైన్యం ప్రభుత్వాన్ని కూల్చిన గొడవల తర్వాత ఆంటీ సిడ్నీ వచ్చేసింది. కాగితాలు కుదరగానే అత్తని తెచ్చుకుంటానంది. విమానమెక్కే రోజూ ఆమె అదే మాట అంది. కాగితాలు కుదరకముందే, మూడో ఏట, అప్పలమ్మగారు లౌటోకాలో పోయారు. ఆస్ట్రేలియా నేల మీద ఆమె కాలు పెట్టనే లేదు. ఈ ఇల్లు ఆమె చూడలేదు.

పీట సంగతి అడిగాను. నడుం నొప్పి వల్ల ఆవిడ ఎప్పుడూ పొయ్యి పక్కన పీట మీదే కూర్చునేదట. పొలం దుమ్ముతో ఎవరొచ్చినా, వెనక కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కోనిదే లోపలికి రానిచ్చేది కాదట.

ఆ మాటకి అర్థం చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించాను. చెప్పాను. ఆంటీ చాలాసేపు పలకనే చూసింది. కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టింది, ఆపలేకపోయింది. "ఆల్ దీస్ ఇయర్స్ ఆఫ్ ఫ్లవర్స్! షీ వాజ్ ఓన్లీ సేయింగ్, డోంట్ బీ లేట్!" అంది. వెంటనే నవ్వాగిపోయింది. "అండ్ ఐ వాజ్ లేట్" అంది.

మర్నాడు శుక్రవారం. నేను సెలవు పెట్టాను. ఆంటీ ఆ ఇల్లు కొన్నప్పటి నుంచీ కారులో గరాజులోకే వచ్చేది, వెనక కుళాయి దగ్గర ఎప్పుడూ ఆగలేదు. ఆ మధ్యాహ్నం ఆగింది. బూట్లు విప్పి, మేజోళ్ళు విప్పి, పంజాబీ డ్రెస్సు అంచు ఎత్తిపట్టుకుని కాళ్ళు కడుక్కుంది. నేను కుళాయి దగ్గరే నిలబడ్డాను. ఆమె లాండ్రీ తలుపు తీసి లోపలికి వెళ్ళింది.

ఆ రోజు ముసలావిడ గొంతు నాకు వినిపించలేదు. వినిపించింది శాంతా ఆంటీ గొంతు, స్పష్టంగా, మా బొబ్బిలి సంతలో ఎవరో అన్నట్టు:

"ఒచ్చీసినానత్తా."

తెలుగు రాని మనిషి. నేను పరిగెత్తాను. పొయ్యి పక్కన నిలబడి, తడి కాళ్ళతో, చిన్నపిల్లలా నవ్వుతోంది. అత్తగారి గొంతు నువ్వూ విన్నావు కదా అంది. నీ గొంతే విన్నాను, తెలుగు ఎప్పుడు నేర్చుకున్నావన్నాను. ఆంటీ అయోమయంగా చూసింది. తాను తెలుగులో ఒక్క ముక్క అనలేదంది. "ఐ జస్ట్ సెడ్, ఐ యామ్ హోమ్, మా."

ఇద్దరం ఎవరి మాట మీద వాళ్ళం నిలబడ్డాం. ఇప్పటికీ నిలబడే ఉన్నాం. ఫోన్ చేసినప్పుడల్లా దీని మీద పోట్లాడుకుంటాం.

ఆ సాయంత్రం అమ్మ ఫోన్ చేసి ఎప్పటిలాగే "ఇంటికొచ్చీసినావా?" అంది. "ఒచ్చీసినానమ్మా" అన్నాను. అవతల అమ్మ గొంతు మారింది. యాస తిరిగొచ్చినందుకో, రూము అననందుకో నాకు తెలియదు. "ఒచ్చీసినావూ" అంది అమ్మ మెల్లగా. "సర్లే, తినీసి పడుకో." ఫోన్ పెట్టేశాక సూట్‌కేసు ఖాళీ చేసి బట్టలు బీరువాలో పెట్టాను. సోమవారం మేనేజరుకి ఉంటానని చెప్పాను. మార్చిలో మూడు వారాలు బొబ్బిలి వెళ్ళొచ్చాను. బయల్దేరేటప్పుడు అమ్మ గుమ్మంలో నిలబడి "బేగొచ్చీ" అంది. అంతకుముందు ఆ మాట వింటే గుండె పిండినట్టుండేది. ఈసారి హాయిగా "అలగే" అన్నాను. నేను వెళ్తున్నదీ ఇంటికే, మళ్ళీ వచ్చేదీ ఇంటికే.

ఆ గొంతు మళ్ళీ వినిపించలేదు. కాళ్ళు ఎన్నిసార్లు కడుక్కుని ఎంత పొద్దుండగా వెళ్ళినా లేదు. పలక మాత్రం అలాగే ఉంది, శుక్రవారం మందారం కూడా ఆగలేదు. స్పెల్లింగు సరిచేద్దామంటే ఆంటీ ఒప్పుకోలేదు.

ఫిజీ దాటని మనిషి గొంతు ఆ వంటింట్లోకి ఎలా వచ్చిందో, ఇంగ్లీషులో అన్న మాట నా చెవికి బొబ్బిలి తెలుగులో ఎలా చేరిందో నేను చెప్పలేను. నాన్నకి నోటుబుక్కు చూపించాను. రెండుసార్లు చదివి, పిల్లి దొరకలేదన్నమాట అని నవ్వి ఇచ్చేశారు. నాకు తెలిసింది ఒక్కటే. ఇల్లు చేరామని చెప్పడానికి మా భాషలో ఇల్లు అనే మాటతో పని లేదు. ఒచ్చీసినాను అంటే చాలు, ఆ మాట కోసం లోపల ఒకరు కాచుకుని ఉంటే.