అనలేకపోయిన ఒక్క మాట

జహీరాబాద్‌లో బస్సెక్కాక పక్క సీట్లోని ఆమె దవాఖాన కాగితం నా చేతికిచ్చింది. నలభై ఏళ్లుంటాయి.

"జర సదివి చెప్పక్కా. నాకు పిల్లలెందుకు కాలేదో గిండ్ల రాసిన్రట."

గర్భసంచి లేదనీ, క్రోమోజోములు మగవారిలో ఉండే ఎక్స్‌వై అనీ ఉంది. నేను బయాలజీ టీచర్ని. కొందరు ఆడవాళ్లు ఇలా పుడతారని తెలుసు. కాగితంలో ఉన్నది మెల్లగా చెప్పాను.

ఆమె కాగితం తీసుకుని మడిచి సంచిలో పెట్టుకుంది. తర్వాత గట్టిగానే అడిగింది. "నేను ఆడదాన్నే గద అక్కా? చిన్నప్పటి సంది నాకు గట్లనే ఎరుక."

ముందు సీటువాళ్లు వెనక్కి తిరిగి చూశారు. నాకు సిగ్గేసింది.

"డాక్టర్‌నే అడుగమ్మా" అన్నాను.

చిరాగ్‌పల్లిలో దిగుతూ, "పరేషాన్ చేసిన, ఏమనుకోకు" అంది.

"నువ్వు ఆడదానివే" అని చెప్పడానికి నాకు దారంతా ఉండింది. చెప్పలేదు.