మోరీలో పోసిన ఖీర్

నిన్న చాంద్రాయణగుట్టలో కొన్న సొరకాయ ఖీర్ డబ్బా మూత తీయగానే మా మనవడు ముక్కు మూసుకున్నాడు.

"సొరకాయతో స్వీటేంది తాతా? ఛీ!"

నాకు ఒళ్లు మండింది. "నీ వయసుల నేను గిన్నెలకు గిన్నెలు ఖాళీ చేసినరా!" అని అరిచాను.

నిజం చెప్పాలంటే, నేను ఖాళీ చేసిన మొదటి గిన్నె మోరీ కాలువలోకి పోయింది.

అప్పుడు కిషన్‌బాగ్‌లో ఉండేవాళ్లం. పక్కింటి ముస్లిం పిన్నిని ఖాలా అని పిలిచేవాణ్ణి. ఆమె మొదటిసారి ఆ ఖీర్ పంపింది. మా ఇంట్లో సొరకాయంటే పప్పులో వేసేదే. పాలల్లో ఆ పచ్చని తురుము చూసి, పాడైన కూర మాకు అంటగట్టిందని కోపమొచ్చింది. వేలితోనైనా రుచి చూడకుండా పారబోసి, గిన్నె కడిగి తిరిగి ఇవ్వడానికి వాళ్లింటికి పోయాను.

"ఎట్లుండె బేటా?"

"మస్తుండె ఖాలా."

"ఇలాయిచీ ఎక్కువైందా?"

"లేదు, యాలకులు మంచిగ సరిపోయినయి."

ఆమె ముఖం ఎర్రబడింది. "ఝూటా! ఇలాయిచీ ఎయ్యనే లేదు. నచ్చకుంటే నచ్చలేదను. నోట్ల పెట్టకుండనే పారబోస్తవా? కూసో ఈడ!"

లోపలి నుంచి ఇంకో గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. కోపంగానే ఒక చెంచా మింగాను. చల్లగా, తియ్యగా గొంతులోకి జారింది. తర్వాత చెంచా ఆగలేదు. పారబోసిన గిన్నె గుర్తొచ్చి నా మీద నాకే మంటెత్తింది.

"ఇంకుందా ఖాలా?"

"యాడికెల్లొస్తది? నువ్వు తిన్నదే నా వంతు," అంది, కోపం తగ్గకుండానే.

ఆ రోజు ఆ ఖీర్ వండినావిడకే ఒక్క చెంచా దక్కలేదు.