ఆమె వయసు నేను రాశాను

మా మరైగూడ వైపు ముసలివాళ్లలో చాలామంది పుట్టినరోజు ఒక్కటే: జూలై ఒకటి. అది దేవుడి లీల కాదు, నా చేతి చలవ. అప్పట్లో ఆధార్ శిబిరం పెట్టినప్పుడు, ఊరి బడి గురూజీని కదా అని వయసులు రాసే పని నాకు అప్పగించారు. పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు. పెద్ద వరద వచ్చిన ఏడాది పాలు తాగుతున్నావా, పశువులు కాస్తున్నావా అని అడిగి, వేళ్లు మడిచి లెక్కవేసి ఓ సంవత్సరం, దాని ముందు జూలై ఒకటి రాసేవాణ్ణి. ఆ రోజు నా దర్జా చూసి తీరాలి.

మా ఆవిడ వంతు వచ్చింది. ఆమె నా మేనమామ కూతురు, నాకన్నా రెండేళ్లు పెద్ద. పెళ్లినాటి నుంచీ అది నాకు పంటికింద రాయి. రాసేవాణ్ణి నేనే, అడిగేవాడు లేడు. నాకన్నా ఐదేళ్లు చిన్నదని రాసిపారేశాను.

"ఏంది, నేను నడక నేర్చినంక పుట్టినోడివి నువ్వు. ఉన్నది ఉన్నట్టు రాయరాదూ" అంది.

"నీకేం తెలుసు, ఊరుకో" అన్నాను. ఊరి పిల్లలందరికీ అక్షరాలు దిద్దించి, ఆమెకు ఓనమాలు కూడా నేర్పని పండితుణ్ణి నేను.

ఈమధ్య నాకు డెబ్భై నిండాయి. డెబ్భై నిండినవాళ్లకు సర్కారు వైద్య బీమా కార్డు ఇస్తుందంటే, ఇద్దరం కుంట పట్నంలో ఆన్‌లైన్ పనులు చేసిపెట్టే చాయిస్ సెంటర్‌కు వెళ్లాం. అసలు వెళ్లింది ఆమె మోకాలి కోసం. ఏటా వంగి ఇప్పపూలు ఏరి ఏరి అది అరిగిపోయింది. కీలు మార్చాలన్నాడు డాక్టరు. కార్డు లేకుండా అది మా వల్ల అయ్యే పని కాదు. నేను మాత్రం గుండ్రాయిలా ఉన్నాను.

మిషన్ మీద వేలు పెట్టగానే నా కార్డు వచ్చేసింది. ఆమె వేలు పెడితే ఆపరేటర్ తల అడ్డంగా ఊపాడు.

"అమ్మ ఉమర్ అరవై ఐదే ఉంది గురూజీ. ఐదేండ్లయినంక తీసుకురండి."

"తప్పు పడ్డది బాబూ. ఈమె నాకన్నా పెద్దది."

"ఏ అన్‌పఢ్ రాసిండో గాని! బడి సర్టిఫికెట్ తెండి, సరి చేపిద్దాం."

బడి సర్టిఫికెట్! చదువురానివాడెవడో రాశాడన్న ఆ మాటకు ఆమె నా వైపు ఒకసారి చూసింది. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. నేను తీసిన గోతిలో ఆమె పడింది. బస్సు దిగి నా భుజం పట్టుకుని కుంటుతుంటే, ఆ కాలు ఐదేళ్లు ఆగుతుందా అని నాకు భయం వేసింది.

బడి కాగితం లేకపోతే గ్రామసభ తీర్మానమైనా పెట్టి చూడమన్నారు. సభలో లేచి నిలబడి, "నా భార్య నాకన్నా రెండేళ్లు పెద్దది" అన్నాను.

"అది ఊరందరికీ ఎరుకే. గురూజీకే ఇయ్యాల తెలిసింది" అంది ఓ ముసలమ్మ. నవ్వనివాడు లేడు.

కాగితం పంపాం. జవాబు ఇంకా రాలేదు. ఈలోగా ఇప్పపూల కాలం వచ్చింది. తెల్లవారుతూనే ఆమె చెట్టు కింద పీట మీద కూర్చుంటుంది, గంప పట్టుకుని నేను ఏరుతాను. మొన్న నడుము పట్టేసి, ఇక నావల్ల కాదన్నాను.

"నీకేంది, కార్డున్నది. ఏరు" అంది.

మళ్లీ వంగాను.