మూత లోపలి గీతలు

పెట్రోలు బంకులో బండి ఆపితే చాలు, పైడిరాజు గారి దుకాణం గుర్తొస్తుంది. మిగతావాళ్లు ముక్కు మూసుకుంటారు, నేను గట్టిగా పీలుస్తాను. అరకు సంత వీధి చివర, ఎండుమిరపకాయల కొట్టుకూ చెప్పుల కొట్టుకూ మధ్య ఒక్క మనిషి పట్టేంత చోటులో కూర్చుని, ఆయన వాచీల పళ్లచక్రాలను గాజుగిన్నెలో పెట్రోలు పోసి కడిగేవాడు. ఒక కంటికి ఎప్పుడూ భూతద్దం ఉండేది. విజయనగరం వైపు నుంచి మా కొండలకు వచ్చి స్థిరపడ్డ మనిషి. నేను వెళ్లిన మొదటిరోజు ఆ వాసనకు తల తిరిగింది. ఆ రోజు తల తిరగడానికి వేరే కారణం కూడా ఉంది.

మా నాన్న గాసన్నకు ఒక వాచీ ఉండేది. కొండల్లో రైలుదారి వేసే కాలంలో సర్వే చేసేవాళ్లకు దారి చూపించి, సామాను మోసినందుకు, ఒక ఇంజనీరు వెళ్లిపోతూ తన చేతిది విప్పి ఇచ్చాడట. స్విట్జర్లాండు వాచీ. కీ ఇవ్వక్కర్లేదు, చేతి కదలికకే నడుస్తుంది. దాని విలువ నాన్నకు తెలీదు, టైము చూడడం కూడా అంతంతమాత్రమే. టైడా దగ్గర మా ఊళ్లో చేతికి వాచీ ఉన్నవాడు ఆయనొక్కడే కాబట్టే అరకులో లాడ్జివాళ్లు కాపలాకు పెట్టుకున్నారని అమ్మ ఎగతాళి చేసేది.

తొంభైల చివర్లో, నేను పైకొండల్లో ఒక బడిలో టీచరుగా కొత్తగా చేరినప్పుడు, ఆ లాడ్జిలో దిగిన ఒక పెద్దమనిషి వాచీ పోయింది. నాన్న వాచీ చేసిన కంపెనీదే, నీలం ముఖంది, అంటే డయలు నీలం. ఆ వారం నాన్న చేతికి ఉన్నదీ నీలం ముఖమే. మేనేజరు మా ఊరొచ్చి అడిగాడు. మావాళ్లకు అబద్ధం రాదు. ‘‘గాసన్న వాచీది పాలరంగు ముఖం కద బాబూ’’ అని ఉన్నదున్నట్టు చెప్పేశారు. నాన్న మాత్రం ‘‘సంతలో వాచీ బాబు మార్సేడు’’ అన్నాడు. శుక్రవారం సంతకే తెరిచే ఆ దుకాణం చూస్తే రెండు శుక్రవారాలుగా మూసి ఉంది. మేనేజరు వాచీ తీసేసుకుని, నాన్నను పనిలోంచి తప్పించి, శనివారం లోపు ఒప్పుకోకపోతే పోలీసులకు అప్పగిస్తానన్నాడు. సెలవుకి ఇంటికొచ్చాక నాన్న నా ఎదుట కూర్చుని అదే మాట మళ్లీ చెప్పాడు. నేను తల వంచుకుని అన్నం కలుపుకున్నాను. ఏ వాచీకైనా ముఖం మారుస్తారా అనిపించింది నాకు.

మూడో శుక్రవారం దుకాణం తెరిచి ఉంది. కూతురి పురుడికి ఊరెళ్లాడట ఆయన. నాన్న పేరు, నా టీచరు ఉద్యోగం చెప్పి, వాచీ ముఖం మీరు మార్చారా అని అడిగాను.

‘‘మార్సేను టీచరమ్మా. పాతది మచ్చలు పడిపోయి సూడబుద్ధి కాలేదు. నీలంది ఎంత బాగుందో సూసేవా?’’

అక్కడున్న స్టూలు లాక్కుని కూర్చున్నాను. జరిగింది చెప్తుంటే ఆయన నవ్వు ఆగిపోయింది. తర్వాత ఒక బిస్కెట్ల డబ్బా తీసి గాజు పెట్టె మీద బోర్లించాడు. విశాఖ హార్బరు దగ్గర ఓ షాపులో పనిచేసిన రోజుల్లో, ఓడలవాళ్లు తెచ్చిన వాచీల నుంచి దాచుకున్న ముక్కలవి. అన్నీ నాన్న వాచీ రకానివే.

‘‘ఇదే ఆ వాచీ పుట్టినప్పటి ముఖం. అంకెల్లేవు, తారీకు లేదు. తర్వాత ఇదిగో, ఇక్కడ తారీకుకి కిటికీ పెట్టేరు. ముల్లులు ముందు బాకుల్లాగుండేవి, తర్వాత పుల్లల్లాగయిపోనాయి. పట్టీ తగిలించే కొమ్ములకి అప్పట్లో అటూ ఇటూ సిల్లులుండేవి. కొత్తవాటికుండవు.’’

మా నాన్న మీద దొంగతనం మోపి ఉన్నారు, నేనేమో ఒంగి ఒంగి ఆ ముఖాలు చూస్తున్నాను. ఒకే ఇంటి పిల్లల ఫొటోలు వరసగా పెట్టినట్టున్నాయి. గుండ్రటి ఆకారం, పన్నెండు దగ్గర జంట గీత మాత్రం ఏ కాలంలోనూ మారలేదు. ‘‘అది ఎందుకు మార్చలేదు?’’ అని అడిగాను. ‘‘అది మారిస్తే దాన్నెవులు గుర్తుపడతారు?’’ అన్నాడాయన, లేచి సంచీలో పనిముట్లు సర్దుకుంటూ. ‘‘నడు, బేగి ఎళ్దాం.’’

లాడ్జిలో మేనేజరు మమ్మల్ని కూర్చోమనలేదు. ‘‘నువ్వూ గాసన్నా ఒకటైతే నీ మాట నేనెలా నమ్మాలి?’’ అన్నాడు.

‘‘నా మాట నమ్మొద్దు బాబూ. వాచీనే అడుగుదాం.’’

టేబుల్ మీద గుడ్డ పరిచి, వాచీ బోర్లించి, వెనక మూత విప్పాడు. మూత లోపలివైపు సన్నటి గీతలున్నాయి, భూతద్దం పెడితే తప్ప కనపడనివి. వాచీ విప్పిన ప్రతి పనివాడూ తన గుర్తు, తారీకు లోపల గీసి మూత బిగిస్తాడట. తర్వాత విప్పేవాడి కోసం. యజమానికి కూడా తెలీని ఆనవాయితీ అది. మూడు గుర్తులున్నాయి. మొదటి రెండూ ఎవరివో, రైలు పడే రోజులనాటివి. మూడోది ‘పై’ అన్న అక్షరం, పక్కన తారీకు. లాడ్జిలో వాచీ పోవడానికి వారం ముందుది. మేనేజరు భూతద్దం చాలాసేపు కంటికి పెట్టుకున్నాడు. కొమ్ముల చిల్లులు కూడా చూశాడు, పోయిన వాచీ కొత్తది, దానికి అవి ఉండవు. ఆఖరికి వాచీ నా చేతిలో పెట్టి, మీ నాన్నను పనిలోకి రమ్మను అన్నాడు.

నాన్న మళ్లీ వెళ్లలేదు. కాఫీ మొక్కలు చూసుకుంటానన్నాడు.

పైడిరాజు గారు మాత్రం ఆ శుక్రవారాన్ని వదల్లేదు. పాలరంగు ముఖం ఎక్కడుందని అడిగితే ‘‘పారేసేను’’ అన్నాడు. ‘‘బాగుసేసేననుకున్నాను గానీ, మీ నాన్న సాచ్చాన్ని తుడిసేసేను.’’ ఆ వాచీ మళ్లీ విప్పి, తన గుర్తు కింద సూదితో ఇంకో వరస గీశాడు: ముఖం మార్చింది నేను. తప్పు అంత నీటుగా రాసిపెట్టుకున్న మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు.

ఆ తర్వాత పదేళ్లు, సంతకి వెళ్లిన ప్రతిసారీ ఆయన దగ్గర కూర్చునేదాన్ని. ఏ వాచీ వచ్చినా ‘‘ఇది ముందెలాగుండేదో సెప్పు సూద్దాం’’ అనేవాడు. తప్పు చెప్తే నవ్వేవాడు, కారణం చెప్పకుండా వదిలేవాడు కాదు. సెల్‌ఫోన్లు వచ్చాక జనం టైము అందులోనే చూసుకోవడం మొదలుపెట్టారు. దుకాణం మూసి ఊరెళ్లిపోయి, అక్కడే పోయాడు. నా తరగతిలో రబ్బరు వాడనివ్వను. తప్పయితే ఒక్క గీత కొట్టి పక్కన రాయమంటాను, పిల్లవాడు మొదట ఏమనుకున్నాడో నాకు కనపడాలి కదా.

నాన్న కూడా లేడిప్పుడు. వాచీ నా దగ్గరుంది. మొన్న విశాఖలో ఒక షాపువాడు ఈ నీలం ముఖం తీయించి పాతకాలపుది వేయిస్తే మంచి ధర వస్తుందన్నాడు. వద్దని మూత మాత్రం ఒకసారి విప్పమన్నాను. నాలుగు వరసలూ అలాగే ఉన్నాయి. పైడిరాజు గారు తన తప్పు లోపల గీసుకుని వెళ్లాడు. ఆ రోజు అన్నం దగ్గర నేను నాన్నను నమ్మలేదన్న మాట నాన్నకే ఎన్నడూ చెప్పలేదు. మూతలో నా గీత లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.